గడ్డకట్టకూడనిది

ఇక్కడ మందుపెట్టె చల్లగా ఉంచేందుకు కాదు,
వెచ్చగా ఉంచేందుకు.
బయట సున్నాకి ఇరవై రెండు మెట్లు కింద.
గడ్డకట్టిందంటే టీకా ఒట్టి నీళ్లతో సమానం.
అందుకే సీసాల్ని ఉన్ని మేజోళ్లలో దోపి
కోటు లోపల ఒంటికి ఆనించుకుని
హెలికాప్టర్ దిగిన మిట్ట నుంచి
నిండు చూలాలిలా ఆచితూచి నడిచొచ్చింది
పానింగ్వాక్, పశువుల డాక్టరు.

నేను కొట్టువాణ్ణి.
తూటాలు, కాఫీ పొడి, కిరసనాయిలు నా సరుకు.
ఇవాళ పేర్ల పుస్తకం కూడా నాదే,
చేపలు తూచే కాటా ఎలాగూ నాదే.

మొదట ఇనాలుక్ వచ్చింది, తొమ్మిదేళ్ల పిల్ల.
వీపు మీది టోపీలో కుక్కపిల్ల,
ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి.
కాటాలో దింపితే కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి జారాయి.
నిన్నటి చేప వాసన పట్టి
పళ్లెం నాకడం మొదలెట్టింది.
ముల్లు ఊగి ఊగి నిలిచింది:
నాలుగు కిలోల ఎనిమిది వందలు.

"వయసు?"
"ఎనిమిది వారాలు.
చీకటి నెలలు పోయి సూర్యుడు మళ్లీ కనబడ్డ రోజున పుట్టింది."
"పేరు?"
ఇనాలుక్ తాత వంక చూసింది.
తాత ఏనోక్ తలుపు వంక చూశాడు.
"ఇంకా పెట్టలేదు."

ఎందుకో నాకు తెలుసు.
పన్నెండేళ్ల కిందట ఇలాంటి వసంతంలోనే
కళ్లలో పుసి, ముక్కులో చీము,
ఆపైన కాళ్లు కొట్టుకునే మూర్ఛ.
బండి కుక్కలన్నిటికీ వరసగా.
తన చేత్తోనే ముగించాడు ఏనోక్.
తూటాలు నా దగ్గరే కొన్నాడు.
పదకొండు. లెక్కపెట్టి ఇచ్చాను.
అప్పట్నుంచి అతని బండి మీద చేపలెండుతున్నాయి.

పానింగ్వాక్ పెదవెత్తి చూసింది,
పళ్లు బియ్యపు నూకల్లా.
పొట్ట నొక్కింది, "పురుగులున్నాయి" అంది.
తెల్లటి ముద్ద నాలుక మీద రాస్తే
సగం మింగి, సగం నా పుస్తకం మీద ఉమ్మింది.
మెడ మీది తోలు గుడారంలా పైకి లాగి
సూది గుచ్చింది.
కుక్కపిల్లకి తెలియనే లేదు.
ఏనోక్ ఉలిక్కిపడ్డాడు.

"ఒక్క సూదితో అయిపోదు.
తల్లి పాలతో వచ్చిన కాపు కరిగిపోతుంటుంది,
దీని సొంత కాపు ఇంకా కట్టుకోదు.
ఆ సందులోనే జబ్బు దూరేది.
నాలుగు వారాలకి ఇంకోటి, దాంతోపాటే పిచ్చికుక్క టీకా,
మళ్లీ నాలుగు వారాలకి మూడోది.
అందాకా పరాయి కుక్కల్ని మూతి పెట్టనివ్వకు,
చచ్చిన నక్క దరికి అసలే వద్దు."

ఏనోక్ చాలాసేపు మాట్లాడలేదు.
"పాత మంచు విరిగి
కొత్త మంచు పేరుకోని రోజుల్లాగా," అన్నాడు చివరికి.
"ఆ రోజుల్లో సముద్రం మీదికి బండి కట్టం."
"అదే," అంది పానింగ్వాక్.

రాత్రి రెండింటికి నా తలుపు చప్పుడు.
"తినట్లేదు. మూలుగుతోంది."
బడి గదిలో పడుకున్న ఆమెకి ఫోన్ కలిపాను.
మొహం వాచిందా? లేదు.
వాంతులు? లేవు.
ఊపిరి? ఆడుతోంది.
"ఒక రాత్రి మగత మామూలే. పడుకోనివ్వండి."

ఇంటికి పొమ్మంటే పోలేదు.
కాఫీ బస్తా మీద కూర్చున్నాడు
గుండీలు పెట్టిన కోటు లోపల
చిన్న మూట ఎగసిపడుతుంటే.
నేను రెండుసార్లు కాఫీ కాచాను.
ఆ పదకొండు ఊసు ఎత్తాలనుకున్నాను.
ఎత్తలేదు.

తెల్లారి చూస్తే
నా పుస్తకానికి కట్టిన దారం తెగి ఉంది,
ముక్క దాని నోట్లో ఉంది.

"మెడపట్టీ కావాలి," అన్నాడు లేస్తూ.
చిన్నది తీశాను.
"అది కాదు. బండి లాగేది. పెద్దది."
డబ్బు బల్ల మీద పెట్టాడు.

పేరు గడి ఇప్పటికీ ఖాళీయే.
దాని పక్కన, రెండో టీకా తేదీ మాత్రం
నా కలం లాక్కుని తనే రాసుకున్నాడు,
వెనక పేజీకి అచ్చు దిగేంత గట్టిగా.