అక్టోబరు కొలత

జూలైలో అందరి గుర్రాలూ నున్నగా మెరుస్తుంటే
మా తుయిస్కు పోయిన చలికాలపు కోటు ఇంకా విప్పలేదు.
ఇరవై నాలుగేళ్లది. పొట్ట కింద ఉంగరాలు తిరిగిన జుట్టు,
బకెట్ మీద బకెట్ నీళ్లు,
గులకరాళ్ల మీద అడుగడుక్కీ
నేలని అనుమతి అడుగుతున్నట్టు నడక.
దాని పేరుకి మా భాషలో అర్థం
గాలికి లేచి కళ్లలో కొట్టే మంచు.

అక్టోబరు దాకా ఆగాను. జీతం పడేదాకా, అనాలి నిజానికి.
మా కూహ్మో అంచుకి పశువుల డాక్టరు రావాలంటే
తొంభై కిలోమీటర్లు, కిలోమీటరుకింత.
సైలా కారు గేటు దాటకముందే
మీటరు నా పర్సులో తిరుగుతోంది.
మెడ మీద బొటనవేలు నొక్కింది. నరం లేచింది.
ఊదా మూత గొట్టంలోకి చిక్కగా, ఇంకా వెచ్చగా దిగింది.
"వేడి తగిలితే ఇది అబద్ధం చెప్తుంది" అంటూ
ఐస్ ముక్కల మధ్య పడుకోబెట్టింది.

ఆ రాత్రి బస్సులో, పార్సిళ్ల అరలో
ఎవరి స్కీలకో, ఎవరి స్వెట్టర్లకో ఆనుకుని
తుయిస్కు నెత్తురు హెల్సింకీ వెళ్లింది.
తుయిస్కు ఎప్పుడూ వెళ్లలేదు.
కయానీ పందెపు బాట దాటి దక్షిణానికి ఒక్క గిట్ట మోపలేదు.
అక్కడే ఒకసారి మూడోదిగా వచ్చింది.
ఆ డబ్బుతో సాలకి రేకులు వేయించాం,
వాన పడితే ఇప్పటికీ ఆ రేకుల కిందే నిలబడి వింటుంది.

నెత్తురు పరీక్ష నూట పది యూరోలు.
గిట్టల ఎక్స్-రే, రెండు ముందుకాళ్లు, రెండు వందల అరవై.
ప్రయాణం వేరే.
బిల్లులో వయసు పద్దు లేదు గానీ
బీమావాళ్లు అదొక్కటే చదివారు:
ఇరవై దాటాక మాకు సంబంధం లేదు.

తాయిస్తో కంచె మీద మోచేతులాన్చాడు.
"గుర్రం గుడ్డిదైనా దాణా తగ్గదు, ఓర్వొక్కీ.
శనివారం లారీ వస్తుంది. నొప్పి తెలీదు,
ఎదురు డబ్బులు కూడా ఇస్తారు."
చెడ్డవాడు కాదు. తన గుర్రాన్ని తనే ఎక్కించాడు లారీ.
ఆ తలతాడు మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు,
వాళ్ల వాకిట్లో మేకుకి బిగిసిపోయి ఉంది.

శుక్రవారం సైలా ఫోను.
"డెబ్బై నాలుగు."
ఎక్కువా?
"ఏ నెలలో అడుగుతున్నావన్న దాన్ని బట్టి.
మార్చిలో అయితే ఎక్కువే.
ఇప్పుడు, చీకటి ముదిరే రోజుల్లో
ఏ జబ్బూ లేని గుర్రాలక్కూడా అంకె లేస్తుంది.
అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను.
మందు మొదలుపెట్టి చూద్దాం. మార్చిలో మళ్లీ తీద్దాం."
మళ్లీ తొంభై కిలోమీటర్లు.

బడి వంటింట్లో మూడు బస్తాల బంగాళదుంపలు తొక్కతీస్తూ అనుకున్నాను,
అరవై మూడేళ్లుగా నన్ను చాలామంది కొలిచారు,
ఇది ఏ నెల అని ఒక్కరూ చూసుకోలేదు.

కారుకి పాత మేకుల టైర్లే, మూడో చలికాలం.
తుయిస్కుకి కారెట్ బంద్, ఆపిల్ బంద్.
ఎండుగడ్డి గంటసేపు నీళ్లలో నానాలి, తీపంతా వదలాలి.
ఆ నీళ్లు పారబోసేటప్పుడు
వేసవి వాసన బురదలోకి పోతుంది, అది మెడ సాచి చూస్తుంది.
రోజుకొక గులాబి మాత్ర.
రెండు యూరోలూ పైన చిల్లర,
నా ఉదయపు కాఫీ కంటే ఖరీదైన చుక్క.

రై రొట్టె మధ్య పెట్టి ఇచ్చాను. నమిలింది.
నా వైపు కాక అడవి వైపు చూస్తూ, చాలా మర్యాదగా.

సాయంత్రం పొట్టు ఎత్తుతుంటే పారకి తగిలింది.
గులాబిది, చెక్కుచెదరకుండా.
పందెంలోనూ ఇంతే, తెలివి ఎప్పుడూ ఆఖరి మలుపు కోసం దాచుకునేది.
కోటుకి తుడిచాను. ఇంకో రొట్టె ముక్క విరిచాను.
ఈసారి మింగింది.
మింగినట్టే ఉంది.