ఇరవై నాలుగు బెజ్జాలు

లియెపాయా మ్యూజియంలో నా ఉద్యోగం
సొరుగులు తియ్యడం, మళ్ళీ ముయ్యడం.
ఆ రోజు జైగా వచ్చింది,
చంకలో గ్రాఫు కాగితాల చుట్ట,
జేబులో సగం తిన్న రై రొట్టె.
"నలభై రెండో సొరుగు," అంది.

ఎడమచేతి తొడుగు.
కుడిదేమైందో మా చిట్టాలో లేదు.
అల్లినావిడ పేరూ లేదు.
"కుర్‌జెమె తీరం, ఉన్ని, చిమట కొంచెం కొట్టింది."
అంతే.

ముట్టుకోకుండా లెక్కపెట్టింది,
రద్దీ బస్సులో చిల్లర లెక్కపెట్టే కండక్టరులా
పెదాలు గబగబా కదుపుతూ.
ఇరవై రెండు కుట్లకొకసారి నక్షత్రం తిరిగొస్తుంది.
తన మిషను అట్టకేమో అడ్డంగా ఇరవై నాలుగు బెజ్జాలు.
"రెండు ఎక్కువ," అంది నావంక చూసి,
ఆ రెండూ నేనే పెట్టినట్టు.

పైగా పదిహేడో వరుసలో
ఎరుపుండాల్సిన చోట ఒక తెలుపు.
దీపం చాలలేదో, బిడ్డ లేచిందో,
తుమ్మొచ్చిందో.

మూతపడ్డ ఫ్యాక్టరీ మూడో అంతస్తు.
మిషను బండి అటూ ఇటూ పోతుంటే
కిటికీ అద్దాలు పళ్ళు నూరాయి.
నక్షత్రానికీ నక్షత్రానికీ నడుమ
రెండు కుట్ల సందు వదిలింది, ఊపిరాడేందుకట.
పదిహేడో వరుసలో ఆ ఒక్క బెజ్జం
పొడవకుండా వదిలేసింది.
ఉండబట్టలేక అన్నాను:
"ఆవిడ ఒక్కసారే తప్పింది.
నీ మిషను ప్రతి నక్షత్రానికీ తప్పుతుంది."
"తప్పనీ."

కోటు దిగింది.
మోకాళ్ళు దాటిన చేతులు,
మోచేతి దగ్గరొకటి, వీపున మూడు,
ఎవరూ వేలు దూర్చని ఖాళీ బొటనవేళ్ళు.
తెల్ల చుక్క మాత్రం బడిపిల్లల్లా వరుస కట్టింది.
ఇక దాన్ని తప్పనేదెవరు?
జైగా చాలాసేపు చూసింది,
దారం కొస పట్టుకుని
కోటంతా విప్పేసింది.

మిగిలిన బెజ్జం పొడిచి మళ్ళీ మొదలెట్టింది.
ఎక్కడో ఒక్కచోట
బండి ఆపి, సూదిని వేలితో వెనక్కి నెట్టింది.
ఎక్కడో చెప్పలేదు.

ప్రదర్శన రోజు జనమంతా
బొటనవేళ్ళ చుట్టూ మూగి నవ్వారు.
నేను కళ్ళద్దాలు తుడుచుకుని
కోటు చుట్టూ రెండుసార్లు తిరిగాను.
ఎడమ చంక కింద ఉంది.

మర్నాడు ఎవరూ అడక్కుండానే
నలభై రెండో సొరుగు తీశాను.
చిట్టాలో, చిమట పక్కన,
పెన్సిలుతో రాశాను:
పదిహేడో వరుస. ఒక తెలుపు.