పదో నంబరు

పుస్తకం సంఘానిది, రాత నాది.
పదమూడేళ్లుగా ప్రతి నెలా పద్నాలుగో తారీఖున
గుబ్బలవారిలంకలో బడి అరుగు చల్లబడ్డాక
ఎవరెంత కట్టారో, ఎవరెంత బాకీయో,
ఎవరు రాలేదో, ఎందుకు రాలేదన్నారో రాస్తాను.
ఎందుకు రాలేదో రాయను.

పది మంది ఉంటేనే సంఘం.
పదో మనిషి మంగాయమ్మ
ఏనుగెక్కినంత సంబరంగా మస్కట్ వెళ్లిపోయింది,
నాలుగు వాయిదాలు మా నెత్తిన పెట్టి.
ఊడిన పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు
నా పెన్ను ఆ ఖాళీ గడి దగ్గరికే పోతుండేది.

పీచు మిల్లు వెనకాల రేకుల షెడ్డు.
పొళ్ళాచ్చి వైపు నించి వచ్చిన ఏడు కుటుంబాలు.
తెల్లారేసరికి డొక్కల పొట్టు పేరుకుంటుంది
వాళ్ల గిన్నెల మీద, పిల్లల కనురెప్పల మీద.
మేం వాళ్లని అరవోళ్లంటాం.
వాళ్లు మమ్మల్నేమంటారో
ఎవరం ఎప్పుడూ అడగలేదు.

తాడు పేనడం మాకు నేర్పింది పూంగొడి.
ఒకరు రాట్నం తిప్పాలి,
ఒకరు పీచు వదులుతూ వెనక్కి నడవాలి.
"పిన్నాడి, పిన్నాడి" అని ఆమె అంటుంటే
మా బేబీసరోజిని కాలవ గట్టు దాకా నడిచి
నీళ్లలో పడబోయి ఆగింది.
మేం నార అన్నాం. ఆమె నార్ అంది.
అంతే, ఒక్క అచ్చు తేడా.
మేమందరం నవ్వేం.
ఆమె నవ్వలేదు, పీచు తడి చూస్తూ ఉంది.

"ఈవిణ్ణి చేర్చుకుందాం" అన్నాను.
అరుగు మీద మాట ఆగిపోయింది.
"రేప్పొద్దున్న మూట కట్టుకుని పోతే
అప్పెవరు కడతారండీ?" అంది వీరవేణి,
మస్కట్ పోయింది అరవోళ్లే అయినట్టు.
"చర్చ జరిగినది" అని రాశాను.
రెండు నెలలు చర్చే జరిగింది.
మూడో నెల పూంగొడి పౌడరు డబ్బా తెచ్చి
అరుగు మీద బోర్లించింది.
పద్నాలుగు వందలు.
దూరం నించి మమ్మల్ని చూసి
నెలకో వంద, చేరకుండానే కడుతూ వచ్చింది.
ఆలస్యానికి జరిమానా ఎంతని అడిగింది.

బ్యాంకులో వేలిముద్ర కుదరదు, సంతకమే అన్నారు.
తలొంచుకుని పెట్టింది,
తాడు మడిచి పెట్టినట్టు, చుట్టలు చుట్టలుగా.
గుమస్తా కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి
"ఇదేంటమ్మా?" అన్నాడు.
"పేరండి" అన్నాను నేను.

మొన్న జులైలో వరద.
మూడో ప్రమాద హెచ్చరిక సంగతి టీవీ చెప్పకముందే
రేవు మెట్లు ఒక్కోటీ చెప్పేశాయి.
షెడ్డులో మొలలోతు నీళ్లు.
నానబెట్టిన డొక్కల కుప్పలు
మందలా లేచి సముద్రం వైపు పోయాయి.

నీళ్లు తీశాక జాబితా వచ్చింది.
ఇంటికి పాతిక కేజీల బియ్యం, కందిపప్పు, పామాయిలు.
అందులో షెడ్డు లేదు.
వాళ్ల కార్డులు పొళ్ళాచ్చిలో ఉన్నాయి,
మునిగింది ఇక్కడ.
"వీళ్లిక్కడ ఉంటున్నట్టు కాగితం ఏదైనా?"
అన్నారు వీఆర్వో గారు.
కసిరి కాదు. ఆయన చెప్పుల నిండా బురదే.

అటక మీంచి మినిట్స్ పుస్తకం దించాను.
కారిన కప్పు తడికి బూరెలా ఉబ్బింది.
పేజీలు చిరక్కుండా ఒక్కోటీ విప్పి చూపించాను.
తీర్మానం, హాజరు, పదో నంబరు.
ఇరవై రెండు నెలలు, ఇరవై రెండు తాడు చుట్టలు.
ఇంకు పెన్నుతో నే రాసిందంతా
కరిగి నీలం చెరువైంది.
ఆవిడది బాల్ పెన్ను. నిలిచింది.

ఫోన్లో ఫొటో తీసుకున్నారు.
"పైకి పంపుతాను" అన్నారు.
పైన ఎవరుంటారో గానీ
బియ్యం ఇంకా రాలేదు.
వీరవేణి మాత్రం సాయంత్రం చీకటి పడ్డాక
తన సంచీ మూతి విప్పి, తవ్వతో కొలిచి,
కొంగు చాటున షెడ్డు వైపు వెళ్లింది.
ఎవరితోనూ అనలేదు.
నేనూ పుస్తకంలో రాయలేదు.

పద్నాలుగో తారీఖు.
అరుగు మీద ఒండ్రు కడిగి కూర్చున్నాం.
పూంగొడి వాయిదా తెచ్చింది.
నోటు ఇంకా తడిగా ఉంది.
రశీదు రాశాను.