వెన్ను చూపించడం

చప్పుడేం రాలేదు.
పడలేదు, ఎవరూ తోసెయ్యలేదు.
పోర్టు గ్రౌండులో, ఉప్పుగాలి చొక్కాని వీపుకి అతికించేసిన మే నెలలో,
పొద్దున్నుంచి పదకొండో ఓవరు, నాలుగో బంతి.
నడుం లోపల ఎవరో దారం లాగినట్టయింది.
అంతే.
మిగతా రెండు బంతులూ వేసేశాను.
ఆ రెండే ఎక్కువయ్యాయి అంది తర్వాత
ఫ్లోరెన్స్ మేడం,
స్కాన్ ఫిల్ముని కిటికీకేసి పట్టుకుని.
అయిదో పూస మీద వెంట్రుకవాసి గీత.
దాని వెనకాల రైల్వే క్వార్టర్లు, ఆరేసిన దుప్పట్లు.

"నడుం బిగించండి" అంటారు కదా,
బడి ప్రార్థనలో, ఎన్నికల జీపుల మైకుల్లో.
పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను.
ఎక్కడ పట్టుకుని బిగించాలో మాత్రం
జ్ఞానాపురంలో, మెట్లకింది గదిలో,
సిట్టింగుకి రెండొందలు కట్టి తెలుసుకున్నాను.

మేకలాగా నాలుగు కాళ్ల మీద ఉండమంది.
కుడిచెయ్యి ముందుకి, ఎడంకాలు వెనక్కి.
నడుం పల్లంలో స్టీలు గ్లాసు పెట్టి
అంచు దాకా నీళ్లు పోసింది.
తొణక్కూడదు.

మొదటిరోజు చాప తడిసింది.
రెండోరోజూ తడిసింది.
గంటకి వంద కిలోమీటర్లు బంతి విసిరేదాన్ని,
గ్లాసుడు నీళ్లు మొయ్యలేకపోయాను.

తర్వాత ప్లాంకు. మోచేతుల మీద బల్లలా ఉండాలి.
ఇరవై సెకన్లకి నా బల్ల వణికిపోయింది,
పైన ఎవరో వడ్లు దంచుతున్నట్టు.

ఇంట్లో చేస్తుంటే నాన్న చూశాడు.
హార్బర్లో ఐసు దిమ్మలు మోస్తాడు ఆయన.
"ఇదేటే, బల్లిలాగ?
మా నడుములకి ఎవడు ఫోటోలు తీసేడే?"
అని నవ్వాడు.
నవ్వుతూనే ఒక చెయ్యి వెనక్కి తీసుకెళ్లి
నడుం మీద ఆన్చుకున్నాడు.

ఓరోజు తెల్లవారుజామున నాలుగింటికి
టీ ఫ్లాస్కు పట్టుకుని హార్బరుకెళ్లాను.
బోట్ల లైట్లు, డీజిలు వాసన,
కాళ్లకింద కరిగిన ఐసు, పొలుసులు.
నాన్న దిమ్మ ఎత్తుతున్నాడు.

నడుం వంచడు.
కూర్చోబోయి మానుకున్నట్టు తుంటిని వెనక్కి నెడతాడు.
పొట్టని రాయి చేస్తాడు. హుఁ అని ఊపిరి కట్టి
దిమ్మని ఒంటికి ఆనించుకుని లేస్తాడు.
మేడం మూడు వారాలు నోరు నొప్పెట్టేలా చెప్పింది ఇదే.
ఎవరూ చెప్పకుండా నాన్నకి ఎలా వచ్చిందో.

లెక్కపెడుతూ నిలబడ్డాను.
ముప్పైయో దిమ్మకి
కాళ్లు అలిసిపోయి, తుంటి కదల్లేదు.
నడుమే వంగింది.
సరిగ్గా అక్కడే,
నాకు దారం తెగిన చోట.
ఇక చాలు అనేవాడు ఎవడూ లేడు అక్కడ.
లారీ హారన్ కొడుతోంది.

దసరా వెళ్లాక మొదటి మ్యాచు.
అప్పటికి గ్లాసు తొణకడం మానేసింది.
ఆరు ఓవర్లు, అంతే, అని చీటీ రాసిచ్చింది మేడం.
ఆరూ వేశాను. ఆఖరి బంతిని ఫోరు కొట్టారు.
కెప్టెన్ ధనశ్రీ బంతిని మళ్లీ నాకే విసిరింది.
"ఇంకొక్కటి వెయ్యవే, బాబ్బాబు."

నొప్పి లేదు. అదే చిక్కు.
నొప్పి ఉంటే కాదనడం తేలిక.

చేతిలో బంతి. ఇరవై తొమ్మిదో దిమ్మో, ముప్పైయోదో
ఎవరికి తెలుసు.
బంతి తిరిగిచ్చేసి
బౌండరీ దాకా నడిచాను, మెల్లగా.
వెన్ను చూపించి పోతోంది చూడు అన్నారెవరో స్టాండులో.
చూడనీ.
అయిదు నెలలు చాపలు తడిపి చేసుకున్న వెన్ను,
ఎవరికైనా చూపించుకోవచ్చు.

మ్యాచు ఓడిపోయాం.
ఇంటికెళ్లి చాప పరిచాను.
"నాన్నా, ఇలా రా. మేకలా నిలబడు."
గొణుక్కుంటూ వంగాడు.
గ్లాసు తెచ్చి ఆయన నడుం మీద పెట్టాను.
నీళ్లు సగమే పోశాను,
మొదటిరోజు కదా.