సారె

రాత్రి పదిన్నరకి వాన పట్టింది.
గుమ్మం ముందు మూత ముందు గొంతు సవరించుకుంది,
తర్వాత డబడబ కొట్టుకుంది,
ఆ తర్వాత ఎవరింట్లో ఏం తిన్నారో
వీధి వీధంతా చెప్పేసింది.

గ్రైండరు కొన్నాక మూలపడ్డ రుబ్బురోలు,
మా అత్త అరగదీసింది,
ముగ్గురం దొర్లించి ఆ మూత మీద కూర్చోబెట్టాం.
రోలు కదల్లేదు.
నీళ్ళు బచ్చలిపాదు కిందనించి,
స్నానాలగది తూములోంచి, వెనక్కి వచ్చాయి.

పొద్దున్న ఇడ్లీ బండి తియ్యలేదు.
వాసన పిండిదో వీధిదో తేల్చుకోలేక పారబోశాను.
ఎక్కడ? ఆ కాలవలోనే.

ఆ కాలవ గిడ్డంగుల వెనకనించి పోయి
మహేంద్రతనయలో కలుస్తుంది.
కొండ కూతురు.
వంశధార ఇంటికి కాపురానికి పోతూ
మా పర్లాకిమిడిలో ఒక్క పూట ఆగుతుంది.
ఆడపిల్లని వట్టి చేతుల్తో పంపకూడదు కదా,
సారె పెడతాం.
చలిమిడికి నురగ,
చీరకి చిరుగుల పాలిథిన్,
పసుపుకి పసుపే, వేరే పసుపు.

సాయంత్రం పాతపట్నం నుంచి మా ఆడబడుచు ఫోను:
"మీ సారె అందింది వొదినా. ఊరందరికీ పంచినాం.
గుంటడికి రాత్రినుంచీ ఇరేసనాలు."
ఎప్పుడూ నవ్వే మనిషి.

మూడోనాడు మునిసిపాలిటీ అమ్మాయి వచ్చింది,
ఇతిశ్రీ పాణిగ్రాహి, బూట్లనిండా బురద,
సగం ఒడియా, సగం మా తెలుగు.
"మౌసీ, నీళ్ళు ఎంతదాకా?"
తలుపు పక్కన బొగ్గుగీతలు చూపించాను,
ఏడు వానాకాలాలవి.
వాటి పక్కనే మా దమయంతి పొడుగు గీతలు.
"ఇది నీళ్ళా, పిల్లా?"
రెండేళ్ళు సమానంగా పెరిగారమ్మా,
తర్వాత పిల్ల గెలిచింది.
టేపు పెట్టి నీళ్ళవి మాత్రం రాసుకుంది.

డబ్బు మాట అడిగాను.
ఆర్చికి వచ్చిందట, రంగుదీపాలకి వచ్చిందట.
"మట్టిలో పూడ్చే గొట్టానికి
రిబ్బను ఎక్కడ కడతారు, మౌసీ?"
వచ్చినా, వేసి వదిలేస్తారట.
ముప్ఫై ఏళ్ళ గొట్టానికి ముప్ఫై ఏళ్ళూ
ఏటా కొంచెం డబ్బు కావాలి,
కాగితంలో ఆ గడి ఎప్పుడూ ఖాళీ.

రోలుకేసి చూశాను.
ఏడాదికోసారి గంట్లు పెట్టించకపోతే
ఎంత మంచి రాయి మీదైనా పప్పు జారిపోతుంది.
ఆ కూలిడబ్బులు మా అత్త ఉప్పుజాడీ వెనక దాచేది,
బియ్యం నిండుకున్న నెల కూడా ముట్టేది కాదు.
ఈ మాట చెప్తే అమ్మాయి పెన్ను తీసింది.
ఏ గడిలో రాయాలో తెలీక
కాసేపాగి, అంచున రాసుకుంది.

ఇవాళ మళ్ళీ మబ్బు.
రోలు మూత మీదే ఉంది,
బొగ్గుముక్క గూట్లో.
మిగిలిన పిండి బక్కెట్టు చేత్తో పట్టుకుని
కాలవ దాకా వెళ్ళి
వెనక్కి తెచ్చాను.
ఆడబడుచుకి ఫోను చెయ్యాలి,
గుంటడెలా ఉన్నాడో.
ఏమని మొదలుపెట్టను?