దాళ్వా

రాత్రి తొంభై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.
ఇన్వర్టరు మూలుగుతూనే నిలబెట్టింది.
తెల్లారేసరికి దిగింది 'నల్లకోట' రెండో భాగం
మలికిపురం బస్టాండెదురు, ఎరువుల కొట్టు మేడ మీద,
నా నాలుగు కుర్చీల గేమ్ సెంటర్లోకి.

గంటకి ముప్పై రూపాయలు.
మొదటి గంట నేను తీసుకోలేదు.

దొరబాబు చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.
వెనకాల ఏసుపాదం, రొయ్యల చెరువు నుంచి నేరుగా,
చేతులకింకా మేత వాసన.
కోట తలుపు తెరుచుకుంది.
గుర్రం వచ్చింది, జూలులో ఒక్కో వెంట్రుకా
విడివిడిగా గాలికెగురుతోంది.
పదో నిమిషంలో దొరబాబు
కుర్చీ వెనక్కి వాల్చి తీర్పు చెప్పేశాడు:
"మొదటిదే బాగుందిరా."

ఆయ్, బాగానే ఉంటది.
ఆరేళ్ల కిందట ఇదే కుర్చీలో
ఇదే నోటితో నువ్వన్న మాట నాకు గుర్తుంది:
"ఇదేం గేమండీ బాబూ, గుర్రం గోడలో ఇరుక్కుపోతంది!"
ఇరుక్కున్న ఆ గుర్రాన్నే ఇప్పుడు
ఊరేగింపు గుర్రంలా తల్చుకుంటున్నావు.
కొత్త గుర్రం ఎక్కడా ఇరుక్కోదు.
అదే దాని తప్పు. "ప్రాణం లేదన్నా" అంటున్నావు.

పత్రికలో పెద్దాయనెవరో పదికి ఆరేశాడట.
కొత్తదనం లేదని మొదటి పేరాలో,
పాతదానిలా లేదని ఆఖరి పేరాలో.
ఏసుపాదం రెండూ పైకి చదివి
"మా ఆవిడ నా చొక్కా గురించి చెప్పినట్టుందండీ" అన్నాడు.

మా మావకి రెండెకరాల చేను.
సార్వా గాలివానకి పడిపోయి, నీళ్ళల్లోనే మొలకెత్తినా
తింటే ఆ బియ్యమే తినాలంటాడు.
దాళ్వా ఎకరాకి నలభై ఐదు బస్తాలు దించినా
"బొండాలు, కేరళ పోతాయి" అని మొహం తిప్పుకుంటాడు.
సొసైటీ అప్పు తీర్చేది ఏది మావా అంటే
తుండు దులుపుకుని గట్టు మీంచి లేచిపోతాడు.

నేనూ తక్కువవాణ్ణి కాదు.
మొదటి నల్లకోట వచ్చిన వారమే
గోదారి లంకల మీదికొచ్చింది.
పడవల్లో వచ్చిన కుర్రాళ్ళు నలుగురు ఇక్కడే పడుకున్నారు.
ఒక్క జనరేటరు, ఒక్క టీవీ,
కింద షట్టరు దాకా నీళ్ళు.
మెహరున్నీసా గారు గిన్నెడు బాతుగుడ్ల పులుసు పంపించారు.
ఆ ఆటలో వెన్నెల వాళ్ళు గీసింది ఎంతో
మా కిటికీలోంచి కలిసింది ఎంతో
ఇప్పుడెవడు తూస్తాడు, ఏ కాటాతో?

ఈ రెండోదానికి వరద లేదు.
ఈఎంఐ ఉంది. ఎవడి ఫోన్ వాడి చేతిలో ఉంది.
వాటిక్కూడా మార్కులు దీనికే కోస్తున్నాం.

అలాగని పూర్తిగా వెనకేసుకు రాను.
ఏడేసి భాగాలు తీసినవాళ్ళని చూశాను,
పాతింటికి సున్నం కొట్టి
మళ్ళీ గృహప్రవేశం చదివింపులు పట్టినవాళ్ళని.
నెల జీతంలో రెండు వేలు పోసినవాడికి
కోపం రాదా మరి? రావాలి.
ఆట చివరంటా ఆడాక రావాలి.
పేరు పక్కన రెండంకె కనపడగానే వచ్చేదాన్ని
కోపమంటారో, అలవాటంటారో.

మధ్యాహ్నం ఏసుపాదం మేనకోడలు వచ్చింది,
సలోమి, పదేళ్ళది. బడి సంచి ఒళ్ళోనే ఉంది.
మొదటిది వచ్చినప్పుడు దానికి పళ్ళూడుతున్నాయో లేదో.
కోటలో యుద్ధగంట మోగుతోంది.
పిల్ల లోపలికి పోలేదు.
గోడ చుట్టూ తిరిగి వెనక్కి దిగింది.
అక్కడొక ఏరుంది.
పొద్దున్నించీ మాలో ఎవడూ అటు పోలేదు.

గుర్రం మెడ వంచింది.
సలోమి మీట వదిలేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని,
దాన్ని తాగనిచ్చింది.
చాలాసేపు తాగింది.
గంట మోగీ మోగీ ఊరుకుంది.

"మావయ్యా, దీనికి ముందు కూడా ఒకటుందా?"

దొరబాబు నోరు తెరిచాడు.
టీ గ్లాసు వాడి చేతిలో పెట్టాను.