గేటు బయట తొంభై నిమిషాలు

ఇవాళ మేం లోపలికి వెళ్ళలేదు.
టికెట్లు జేబులోనే ఉన్నాయి, చింపలేదు.
సీజను మొత్తానికీ ముందే కట్టిన డబ్బు మరి,
కోపం కోపమే, లెక్క లెక్కే.

హార్‌బెక్‌లో శనివారం మధ్యాహ్నం,
మూడు కావడానికి పది నిమిషాలు.
నదిమీంచి వచ్చిన చలిగాలి
నేరుగా మోకాళ్ళ అడ్రసు కనుక్కుంది.
తూర్పు గేటు బయట
పసుపూ నలుపూ మఫ్లర్లు చుట్టుకుని
ఆరువందలమందిమి నిలబడ్డాం,
విడిదిలో అలిగిన పెళ్ళివారిలా.
బతిమాలడానికి మాత్రం ఎవరూ రాలేదు.

యజమాని ఎవరో మాకు తెలీదు.
చేతులు మారి, చేతులు మారి
ఇప్పుడు క్లబ్బు ఏదో ద్వీపంలో
ఒక పోస్టు డబ్బా పేరున ఉందట.
పోస్టు డబ్బాను తిడితే ఏమొస్తుంది?
తిట్టు మింగి తాళం వేసుకుంటుంది.

మొదట చొక్కామీది కొంగను తీసేశారు.
నూట పదకొండేళ్ళుగా ఒంటికాలిమీద నిలబడ్డ పక్షి,
ఎన్ని లీగులు కిందికి జారినా
రెండోకాలు దించని పక్షి.
దాని చోట ఇప్పుడొక త్రికోణం.
"ముందుకు చూసే గుర్తు" అన్నారు.
త్రికోణానికి కళ్ళెక్కడివని
మ్యూరియల్ థ్వెయిట్ ఉత్తరం రాసింది.
జవాబుగా ఆమెకు
కొత్త చొక్కామీద పదిశాతం తగ్గింపు వచ్చింది.

తర్వాత స్టేడియం పేరు పరుపుల కంపెనీకి అమ్మారు.
తర్వాత స్టేడియాన్నే అమ్మి, అద్దెకు తీసుకున్నారు.
సొంతింట్లో అద్దెకుండటాన్ని
ఎదుగుదల అంటారని అప్పుడే తెలిసింది.
మా వీధి కుర్రాడు, పంతొమ్మిదేళ్ళవాడు,
ఎడమకాలితో బంతిని బుజ్జగించేవాడు,
వాణ్ణి జనవరిలో అమ్మేశారు.
ఆ డబ్బేదీ అంటే
"ప్రక్రియలో ఉంది" అన్నారు.

గడ్డి చూసుకునే క్లెమ్ సగ్డెన్‌కి
మూడు నెలలుగా జీతం లేదు.
తాళాలు కూడా లాక్కున్నారు.
అయినా రాత్రిళ్ళు దొంగలా గోడ దూకి
నీళ్ళు పెట్టి వస్తాడు.
"గడ్డి ఏం చేసింది పాపం" అంటాడు.

నేను నలభై మూడో నంబరు బస్సు నడుపుతాను.
ముప్ఫైరెండేళ్ళుగా శనివారం డ్యూటీ మార్చుకుంటున్నాను.
చెల్లెలి పెళ్ళినాడు కూడా
రెండో సగానికి పరిగెత్తుకొచ్చాను.
ఓడినందుకు ఏనాడూ ఏడవలేదు.
ఓటమి మాకు పెంపుడు కుక్క,
వెంట వస్తుంది, మంచం పక్కనే పడుకుంటుంది.
ఆడకముందే ఓడించడం మాత్రం
వేరే జంతువు.

విజిల్ వినిపించింది.
ఎవరం మాట్లాడలేదు.
ఖాళీ స్టాండ్లలో బంతి దెబ్బ
పాడుబడ్డ ఇంట్లో తలుపు కొట్టుకున్నట్టు.
"వెనక మనిషి! వెనక!"
ఎవరో ఆటగాడి అరుపు,
ఇన్నేళ్ళూ మా గోలలో
ఒక్కసారీ వినపడని గొంతు.

అరవయ్యో నిమిషంలోనేమో
లోపల వల కదిలిన చప్పుడు.
వల చప్పుడు చెయ్యదని నాకూ తెలుసు,
అయినా విన్నాను.
అంతే, ఆరువందల గొంతులు లేచిపోయాయి.
బోర్డులు పట్టుకున్న చేతులే
పక్కవాళ్ళని పట్టుకుని ఎగిరాయి.
"ఎవరు కొట్టారు?"
మ్యూరియల్ గేటు సందులోంచి అడిగింది.
సెక్యూరిటీ కుర్రాడు తలవంచుకున్నాడు.
"మనవాళ్ళు కాదమ్మా."

ఎవరో నవ్వారు. తర్వాత అందరం నవ్వాం.
ఆ నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తులేదు.

రాత్రి ఆఖరి ట్రిప్పు.
స్టేడియం వెనక గోడ దగ్గర స్టాపు లేదు.
అయినా ఆపాను.
భుజాన రబ్బరు పైపు చుట్టతో క్లెమ్ దిగాడు.
చార్జీ తీసుకోలేదు.
బస్సులో ఉన్న ఇద్దరూ ఎందుకాపావని అడగలేదు.
హెడ్‌లైట్లు గోడమీదే ఉంచాను,
కాలు ఎక్కడ మోపాలో
అతనికి కనపడేదాకా.